కోటి దాటే వెబ్‌సైట్‌ని అమ్మాలంటే: ఏడాది ముందు నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

నా సైట్ అమ్మకం ఒక ఓటీపీ దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. 2017లో డొమైన్ (సైట్ అడ్రస్) కొనేటప్పుడు నా కార్డు పని చేయకపోతే మా రూమ్మేట్ తన అకౌంట్‌లోనే కొనిపెట్టాడు, ఆ తర్వాత ఏటా రెన్యువల్ డబ్బులు వాడికి పంపించడమే తప్ప దాన్ని నా పేరు మీదకి మార్చుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. ధర కుదిరి, చేతులు కలిపాక, కొనేవాళ్ళ లాయర్ "ఈ డొమైన్ మీ పేరు మీద లేదు కదండీ" అన్నాడు. అప్పటికి మావాడు డాలస్‌లో ఉన్నాడు, ఓటీపీ వెళ్ళే ఇండియా నంబర్ ఎప్పుడో ఆగిపోయింది, ఇక ఆధార్ స్కాన్‌లు, సంతకాలు, డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ కంపెనీ సపోర్ట్‌తో రాత్రిపూట చాటింగులు. ఈలోగా గూగుల్ సెర్చ్‌లో ర్యాంకులు మార్చే ఒక అప్‌డేట్ వదిలింది, ట్రాఫిక్ కాస్త జారింది, కొనేవాళ్ళు మర్యాదగానే ధర తగ్గించారు.

బేరం దగ్గర నేను పెద్దగా ఏమీ పోగొట్టుకోలేదు, పోయిందంతా ఇలాంటి చోట్లే. అందుకే ఇందులో బేరం చిట్కాలు తక్కువ, కాగితాలూ లాగిన్లూ ఎక్కువ. నెలకి కనీసం లక్షో రెండు లక్షలో నికరంగా మిగిలే కంటెంట్ సైట్, టూల్, సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ స్టోర్ లాంటివాటికి ఇది పనికొస్తుంది. ఖాళీ డొమైన్ అమ్ముకునేవాళ్ళకి ఇంత తతంగం అక్కర్లేదు.

ముందు ధర ఎలా కడతారో తెలుసుకోండి

కొనేవాళ్ళు చూసేది మీ ట్రాఫిక్‌ని కాదు, గత 12 నెలల్లో నెలకి సగటున ఎంత మిగిలిందో చూస్తారు. దాన్ని ఒక అంకెతో గుణిస్తారు. కంటెంట్ సైట్లకి ఈ అంకె మామూలుగా 25 నుంచి 40 మధ్య ఆడుతుంది, కేవలం గూగుల్ సెర్చ్ మీద బతికే సైట్లకి ఇంకా కిందకి దిగుతుంది. దానికి కారణం ఉంది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన హెల్ప్‌ఫుల్ కంటెంట్ అప్‌డేట్, 2024 మార్చిలో వచ్చిన కోర్ అప్‌డేట్ ఎన్నో చిన్న సైట్లని రాత్రికి రాత్రి నేలకి దించాయి. తర్వాత 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దగ్గర సెర్చ్ పైన ఏఐ జవాబులు మొదలయ్యాయి. ఇవన్నీ చూసినవాళ్ళు ఇప్పుడు భయంభయంగానే కొంటారు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. నెల రాబడి 6,20,000. రచయితలకి 1,10,000, వీఏకి (దూరం నుంచి పని చేసిపెట్టే వర్చువల్ అసిస్టెంట్‌కి) 30,000, టూల్స్‌కి 22,000, హోస్టింగ్‌కి 18,000. ఖర్చు మొత్తం 1,80,000 పోతే మిగిలేది 4,40,000. 30తో గుణిస్తే కోటీ 32 లక్షలు. ఇక్కడిదాకా అందరూ లెక్క వేసుకుంటారు, సంతోషిస్తారు, ఇంట్లో కూడా చెప్పేస్తారు. కానీ మీరు రోజూ నాలుగు గంటలు కూర్చుని చేసే పని ఆ ఖర్చులో ఎక్కడుంది? కొనేవాడు ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి కాబట్టి నెలకి 60,000 తీసేస్తాడు. అప్పుడు మిగిలేది 3,80,000, ధర కోటీ 14 లక్షలు. మీ చేతి పని మీకు 18 లక్షల కోత పెట్టింది.

ఇదే లెక్క మీవైపు కూడా తిరుగుతుంది. ఆ ఏడాది ఒక్కసారే చేయించిన రీడిజైన్‌కి 2,40,000 అయిందనుకోండి, అది ప్రతి ఏటా వచ్చే ఖర్చు కాదు కాబట్టి దాన్ని లాభంలోకి తిరిగి కలపమని అడగొచ్చు. నెలకి 20,000, గుణిస్తే ఆరు లక్షలు. సైట్ ఖాతాలో కట్టిన మీ ఇంటి ఇంటర్నెట్ బిల్లు, మీ ఫోన్ ఈఎంఐ కూడా అంతే. బిల్లు చూపించగలిగితేనే సుమా.

ఏడాది ముందు మొదలుపెట్టాల్సిన పనులు

సైట్‌కి విడిగా ఒక బ్యాంక్ ఖాతా పెట్టండి, ఈ రోజే. యాడ్స్ డబ్బు, సాలరీ, అమ్మకి పంపిన డబ్బు, స్విగ్గీ, అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో ఉంటే కొనేవాడు దాన్ని చదవడు, మీ మీద అనుమానం మాత్రం పెంచుకుంటాడు. నెలవారీ రాబడి, ఖర్చు ఒక షీట్‌లో వేసి, అది బ్యాంక్ స్టేట్‌మెంట్‌తోనూ మీరు వేసిన ఐటీ రిటర్న్‌తోనూ కలిసేలా చూసుకోండి. "రిటర్న్‌లో కాస్త తక్కువ చూపించాను, అసలు లాభం ఎక్కువే" అని ఏ కొనేవాడి దగ్గరా అనకండి. పన్ను ఎగ్గొట్టినవాడు నాకు అంకెలు నిజం చెప్తాడా అన్నదే వాళ్ళకి వచ్చే మొదటి ఆలోచన.

ట్రాఫిక్ చరిత్ర దాచుకోండి. సైట్‌కి ఎంతమంది వచ్చారో లెక్కించే గూగుల్ పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులైలో లెక్కించడం ఆపేసింది, 2024లో ఆ డేటా కూడా చూడటానికి లేకుండా పోయింది. అప్పట్లో ఎక్స్‌పోర్ట్ చేసుకోనివాళ్ళకి పాత ఏళ్ళ రుజువు లేదు. గూగుల్ సెర్చ్ నుంచి ఎంతమంది వచ్చారో చూపించే సెర్చ్ కన్సోల్ అయితే 16 నెలల డేటానే ఉంచుతుంది. అందుకని ప్రతి నెల మొదటి తారీఖున ఒక ఎక్స్‌పోర్ట్ తీసి డ్రైవ్‌లో పడేయండి, ఐదు నిమిషాల పని.

ఆ తర్వాత, మీరు లేకుండా సైట్ నడిచేలా చేయాలి. నేను దీన్ని పరీక్షించుకున్న పద్ధతి చెప్తాను. సంక్రాంతికి ఊరెళ్తూ ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లోనే వదిలేశాను, పది రోజులు. తిరిగొచ్చి చూస్తే మూడు చోట్ల పని ఆగి ఉంది: ఒక ప్లగిన్ అప్‌డేట్, ఒక స్పాన్సర్ ఇన్‌వాయిస్, పబ్లిష్ బటన్ నొక్కే హక్కు ఎవరికీ లేకపోవడం. ఆ మూడింటికీ స్క్రీన్ రికార్డింగ్ చేసి, ఎలా చేయాలో రాసి మా వీఏకి అప్పగించాను. ఆ రాతకోతలే తర్వాత కొనేవాళ్ళకి బాగా నచ్చాయి.

రాబడి అంతా ఒకే చోట నుంచి వస్తుంటే ఈ ఏడాదిలో రెండో దారి తెరవండి. ఈమెయిల్ లిస్టో, ఓ చిన్న డిజిటల్ ప్రొడక్టో, నేరుగా వచ్చే స్పాన్సరో. మొత్తంలో 15 శాతమే వచ్చినా ధర మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

లింక్ డాక్యుమెంట్లు: నిజంగా మీది ఏది?

పొలం కొనేవాడు ఈసీ తీయిస్తాడు, లింక్ డాక్యుమెంట్లు అడుగుతాడు. వెబ్‌సైట్‌కీ అదే జరుగుతుంది, తేడా ఏమిటంటే ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్ లేదు, రుజువులన్నీ మీరే పోగు చేయాలి.

డొమైన్ సంగతి పైన చెప్పాను. దానికి ఇంకో మెలిక ఉంది. డాట్ కామ్ లాంటి డొమైన్‌ని ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చాక 60 రోజులు మళ్ళీ మార్చనివ్వరు, యజమాని పేరు మార్చినా ఇలాంటి లాకే పడొచ్చు. కాబట్టి అమ్మే ముందు రిజిస్ట్రార్‌ని మార్చే సాహసాలు వద్దు. కొనేవాళ్ళని అదే రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరవమంటే, మీ అకౌంట్ నుంచి వాళ్ళ అకౌంట్‌కి లోపల్లోపలే జరిపేయొచ్చు, చాలా చోట్ల అదే రోజు అయిపోతుంది. నా డీల్ చివరికి అలాగే బయటపడింది.

దీనికన్నా ఎక్కువమంది తప్పులో కాలేసేది వ్యాసాల దగ్గర. డబ్బిచ్చి రాయించాను కాబట్టి నాదే అనుకుంటాం. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది, కానీ బయట ఫ్రీలాన్సర్ రాసిన వ్యాసం, వేరే రాతపూర్వక ఒప్పందం లేకపోతే, ఆ ఫ్రీలాన్సర్‌దే. హక్కు మీకు రావాలంటే సంతకంతో బదిలీ పత్రం ఉండాలి. ఆ పత్రంలో ఎన్నేళ్ళకో రాయకపోతే సెక్షన్ 19 ప్రకారం ఐదేళ్ళకే అనుకుంటారు, ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే అనుకుంటారు. పైగా తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు పోతుంది కూడా. అమెరికాలో ఉన్న కొనుగోలుదారుడికి ఇండియా వరకే చెల్లే హక్కు అమ్మితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అన్న మాటలు పత్రంలో ఉండాలి.

నాకు ఏడుగురు రచయితలు ఉండేవాళ్ళు. ఒక పేజీ పత్రం వాట్సాప్‌లో పంపితే ఆరుగురు రెండ్రోజుల్లో సంతకాలు పెట్టి పంపారు. ఏడో అమ్మాయి "సైట్ అమ్ముతున్నారా అన్నా?" అని అడిగింది. అవునన్నాను. పదిహేను వేలు అడిగింది, ఇచ్చేశాను. ఆ అమ్మాయి తెలివైనది, నాకు ఇప్పటికీ కోపం లేదు. అదే సంగతి డీల్ మధ్యలో తెలిసుంటే ఎంత అడిగేదో.

కోడ్ రాసిన డెవలపర్‌తోనూ ఇదే పని. ఫోటోలు, ఫాంట్లు, థీమ్ లైసెన్సులు బదిలీ అవుతాయో లేదో ఒకసారి చూసుకోండి. బ్రాండ్ పేరుకి ట్రేడ్‌మార్క్ ఉంటే అది ఎవరి పేరు మీద ఉందో కూడా. ఈమెయిల్ లిస్ట్ అమ్మకంలో కలిపితే, వాళ్ళు ఏమని ఒప్పుకుని ఈమెయిల్ ఇచ్చారన్నది ముఖ్యం. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక కొనేవాళ్ళు దీన్ని అడగడం మొదలుపెట్టారు.

ఇక, అసలు బదిలీ కానివి కొన్ని ఉన్నాయి. గూగుల్ యాడ్స్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ అకౌంట్ అమ్మకూడదు, కొనేవాళ్ళు సైట్‌ని తమ అకౌంట్‌లో చేర్చుకుని ఆమోదం తెచ్చుకోవాలి. అమెజాన్ అఫిలియేట్ (అమ్మకం జరిగితే కమీషన్ ఇచ్చే) లింకులన్నీ వాళ్ళ ట్యాగ్‌తో మార్చుకోవాలి. పేమెంట్ గేట్‌వే అకౌంట్ మీ కేవైసీతో ముడిపడి ఉంటుంది, కస్టమర్లు నెలనెలా ఇచ్చే ఆటోపే అనుమతులు కూడా ఆ మర్చంట్ అకౌంట్‌కే కట్టుబడి ఉంటాయి. సబ్‌స్క్రిప్షన్ వ్యాపారం అయితే కొత్త అకౌంట్‌కి ఇవి వెళ్తాయా, కస్టమర్లని మళ్ళీ అనుమతి అడగాలా అన్నది గేట్‌వే వాళ్ళతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. మళ్ళీ అడిగితే కొంతమంది జారిపోతారు, ఆ నష్టం ఎవరిదన్న గొడవ తర్వాత వస్తుంది.

ఎవరికి అమ్మాలి

ఫ్లిప్పా, ఎంపైర్ ఫ్లిప్పర్స్, అక్వైర్ డాట్ కామ్ లాంటి వేదికలు ఉన్నాయి. మెల్‌బోర్న్‌లో 2009లో మొదలైన ఫ్లిప్పాలో ఎవరైనా పెట్టొచ్చు కాబట్టి రద్దీ ఎక్కువ, ఊరికే అడిగిపోయేవాళ్ళూ ఎక్కువే. ఎంపైర్ ఫ్లిప్పర్స్ ముందే లెక్కలు తనిఖీ చేసి తీసుకుంటుంది. అక్వైర్‌కి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు వస్తారు. కమీషన్ ఎంత, ఎన్నాళ్ళు వేరే చోట అమ్మకూడదు అన్న రెండు షరతులు చదవకుండా ఎక్కడా సైన్ చేయకండి.

నా అభిప్రాయంలో మంచి ధర ఇచ్చేది మీ లాభం కోసం కొనేవాడు కాదు, మీ సైట్ తన దగ్గరున్నదానికి అతుకుతుంది కాబట్టి కొనేవాడు. మన తెలుగువాడు ఫణీంద్ర సామ స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన రెడ్‌బస్‌ని 2013లో ఐబిబో గ్రూప్ కొన్నది, వాళ్ళకి అప్పటికే ప్రయాణాల సైట్ గోఐబిబో ఉంది, బస్సు టికెట్లు చేరితే ప్రయాణాల దుకాణం నిండుతుంది. మన స్థాయిలో కూడా అదే లాజిక్. మీ సైట్‌లో రెండేళ్ళుగా యాడ్ ఇస్తున్న కంపెనీ, మీ లింకులతో బాగా అమ్ముకుంటున్న అఫిలియేట్ కంపెనీ, ఇదే రంగంలో ఉన్న కోర్సుల సంస్థ. పది పేర్లు రాసుకుని, వేదికల్లో పెట్టే ముందు వాళ్ళకి చిన్న మెయిల్ పెట్టండి.

పోటీదారుకి మాత్రం జాగ్రత్తగా. ఎన్‌డీఏ (వివరాలు బయటపెట్టనన్న ఒప్పందం) మీద సంతకం అయ్యేదాకా సైట్ పేరు కూడా చెప్పకండి, అయ్యాక కూడా మీకు డబ్బు తెచ్చే పేజీల జాబితా, కీవర్డులు, స్పాన్సర్ల కాంటాక్టులు చివరి దశకే ఉంచండి. కొనడానికని వచ్చి, అన్నీ చూసి, మూడు నెలల తర్వాత అలాంటి సైటే పెట్టినవాళ్ళ కథలు ఈ లైన్‌లో ఉన్నవాళ్ళందరి దగ్గరా ఒకటైనా ఉంటుంది.

ఆఫర్ వచ్చాక

ఎల్‌ఓఐ (లెటర్ ఆఫ్ ఇంటెంట్, కొనాలనుకుంటున్నామని చెప్పే పత్రం) అనే ఒకటి రెండు పేజీల కాగితం వస్తుంది. ధర మీదే కళ్ళు పడతాయి, కానీ చూడాల్సింది ఎక్స్‌క్లూజివిటీ గడువు, అంటే వాళ్ళు పరిశీలిస్తున్నన్ని రోజులు మీరు ఇంకెవరితోనూ మాట్లాడకూడదన్న షరతు. 30 రోజులు దాటి ఒప్పుకోకండి. 90 రోజులు అడిగి, ఎనభయ్యో రోజున ధర తగ్గించేవాళ్ళు ఉంటారు, అప్పటికి మిగతా కొనేవాళ్ళు చల్లబడి ఉంటారు.

"ఎందుకు అమ్ముతున్నారు?" అని కచ్చితంగా అడుగుతారు. విసుగొచ్చింది, ఇల్లు కట్టుకోవాలి, ఇంకో పని మొదలుపెట్టాను, ఏదైనా సరే నిజం చెప్పండి. ట్రాఫిక్ పడుతోంది కాబట్టి అమ్ముతున్నానన్నా పర్వాలేదు, గ్రాఫ్ ఎలాగూ వాళ్ళకి కనిపిస్తుంది.

తర్వాత డ్యూ డిలిజెన్స్, అంటే మీరు చెప్పినవన్నీ నిజమో కాదో కొనేవాళ్ళు తనిఖీ చేయడం. అనలిటిక్స్‌కి, సెర్చ్ కన్సోల్‌కి చూడటానికి మాత్రమే పనికొచ్చే అనుమతి ఇవ్వండి, అడ్మిన్ వద్దు. స్క్రీన్‌షాట్లని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. నాతో మీట్ కాల్‌లో స్క్రీన్ షేర్ చేయించి, యాడ్స్ రిపోర్ట్ పేజీ తెరవమని, ఎఫ్5 కొట్టమన్నారు. పేజీ మళ్ళీ లోడ్ అయ్యేదాకా అవతల ఎవరూ మాట్లాడలేదు. బ్రౌజర్‌లో అంకెలు మార్చి చూపించే మోసం ఒకటుంది, రిఫ్రెష్ కొడితే అది పోతుంది. అంకె అలాగే ఉంది. తర్వాత అదే నెల బ్యాంక్‌లో పడిన డబ్బు చూపించమన్నారు. రెండు అంకెలకీ 312 రూపాయల తేడా వచ్చింది, బ్యాంక్ చార్జీ. ఆ 312కి నా షీట్‌లో ఒక లైన్ ఉంది కాబట్టి కాల్ అక్కడితో ముగిసింది. లేకపోతే ఆ పూటంతా టెన్షనే.

ఒప్పందం, పన్ను

ఇక్కడ సీఏ ఫీజు, లాయర్ ఫీజు మిగుల్చుకోవాలని చూడకండి. మీరు అమ్మేది ఏ రూపంలో అన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది. వ్యాపారం మొత్తాన్ని, ఆస్తులూ అప్పులూ కలిపి, ఒకే ధరకి ఇచ్చేస్తే స్లంప్ సేల్ అంటారు. ఆ వ్యాపారం 36 నెలలు దాటి మీ దగ్గర ఉంటే దీర్ఘకాలిక లాభం కిందకి వస్తుంది. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా బదిలీ చేస్తే జీఎస్టీ మినహాయింపు ఉంది. డొమైన్ ఒక్కటే, కంటెంట్ ఒక్కటే విడివిడిగా అమ్మితే ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. 2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద రేటు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి ఇచ్చే తగ్గింపు) లేకుండా 12.5 శాతం, పైన సర్‌చార్జీ, సెస్ ఉంటాయి. మీ చేతులతో పెంచిన బ్రాండ్‌కి కొన్న ధర అంటూ ఏమీ ఉండదు కాబట్టి దాదాపు వచ్చిందంతా లాభమే అనుకుని పన్ను డబ్బు పక్కన పెట్టండి. సైట్లు కొని అమ్మడమే మీ పని అయితే ఇది మామూలు వ్యాపార ఆదాయం అవుతుంది, లెక్క వేరు. సైట్ మీ ప్రైవేట్ లిమిటెడ్ పేరు మీద ఉంటే డబ్బు ముందు కంపెనీకి వస్తుంది, అక్కడి నుంచి మీ జేబులోకి తెచ్చుకోవడానికి ఇంకోసారి పన్ను. ఇవన్నీ ఎల్‌ఓఐ మీద సంతకానికి ముందే అడగాల్సిన ప్రశ్నలు.

ఇలాంటి సైట్ మళ్ళీ పెట్టనని రాయమంటారు. మన కాంట్రాక్ట్ చట్టం, 1872లో సెక్షన్ 27 వ్యాపారం చేసుకోనివ్వని ఒప్పందాలు చెల్లవంటుంది, కానీ గుడ్‌విల్ (వ్యాపారానికున్న మంచి పేరు) అమ్మినవాడికి మాత్రం సహేతుకమైన హద్దుల్లో అది వర్తిస్తుందని అక్కడే మినహాయింపు ఉంది. కాబట్టి ఇది ఊరికే రాసే లైన్ కాదు. "ఆన్‌లైన్ వ్యాపారం ఏదీ చేయను" అని ఉంటే కొట్టేయించి, మీ సైట్ విషయం ఏదో దానికే పరిమితం చేయించండి.

డబ్బు ఎలా వస్తుందన్నది ధరంత ముఖ్యం. కొంత ఇప్పుడు, మిగతాది రాబోయే ఏడాది లాభాన్ని బట్టి ఇస్తామంటే దాన్ని ఎర్న్‌అవుట్ అంటారు. నా సలహా, ఆ రెండో భాగం ఎప్పటికీ రాదనుకుని, చేతికొచ్చే మొదటి భాగానికే అమ్మడానికి మీరు ఒప్పుకుంటారా అని ఆలోచించండి. లాభం లెక్క వాళ్ళ చేతిలో ఉంటుంది మరి, కాబట్టి లాభం మీద కాకుండా రాబడి మీద కట్టించుకోవడం మేలు.

ఇంత పెద్ద మొత్తానికి పేపాల్ వద్దు, డబ్బు వచ్చాక కూడా వెనక్కి లాగేసే వీలుంటుంది. ఎస్క్రో డాట్ కామ్ లాంటి మధ్యవర్తి దగ్గర కొనేవాళ్ళు డబ్బు జమ చేస్తారు, మీరు ఆస్తులు అప్పగిస్తారు, వాళ్ళు చూసుకుని సరే అన్నాక డబ్బు విడుదల అవుతుంది. కొనేవాళ్ళు పంపిన ఎస్క్రో లింక్ మాత్రం నొక్కకండి, అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్ళండి, అచ్చం అలాగే కనిపించే దొంగ సైట్లు ఉన్నాయి. డాలర్లలో వస్తుంటే బ్యాంక్‌కి ముందే చెప్పండి, పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) ఏం రాయాలో సీఏని అడగండి, డబ్బు వచ్చినట్టు బ్యాంక్ ఇచ్చే రెమిటెన్స్ అడ్వైస్ తీసుకుని దాచుకోండి.

అప్పగించే రోజు

ఎస్క్రోలో డబ్బు పడిందని మధ్యవర్తి చెప్పాకే మొదలుపెట్టాలి, కొనేవాడు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు. ముందు పూర్తి బ్యాకప్ ఒకటి తీసి మీ దగ్గర ఉంచుకోండి. సైట్ ఫైళ్ళు, డేటాబేస్ వాళ్ళ సర్వర్‌కి వెళ్ళి, అక్కడ సరిగ్గా నడుస్తోందని ఇద్దరూ చూశాక, ఆ తర్వాత డొమైన్. డొమైన్ కదిలాక సెర్చ్ కన్సోల్‌లో వాళ్ళని ఓనర్‌గా చేర్చడం, అనలిటిక్స్ ప్రాపర్టీని వాళ్ళ అకౌంట్‌కి జరపడం, యూట్యూబ్ ఛానల్ బ్రాండ్ అకౌంట్ అయితే యాజమాన్యం మార్చడం. ఫేస్‌బుక్ పేజీ, ఈమెయిల్ టూల్, టెలిగ్రామ్ ఛానల్, ఒక్కోదాని పక్కన టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి. యాడ్స్ ఆమోదం వచ్చేదాకా మధ్యలో వచ్చే రాబడి ఎవరిదో ఒప్పందంలో ముందే రాసి ఉండాలి.

తర్వాత ఎన్నాళ్ళు సాయం చేస్తారో గంటల్లో రాయించుకోండి. 30 రోజులు, మొత్తం 20 గంటలు, ఇలా. నేను "అవసరమైనంత సహకారం" అన్న మాటకి సంతకం పెట్టాను, ఐదో నెలలో కూడా ఆదివారం పొద్దున్నే ఫోన్లు వచ్చేవి.

చివరగా మీ కార్డు. హోస్టింగ్, సీడీఎన్ (సైట్‌ని వేగంగా చూపించే సర్వీస్), ప్లగిన్లు, స్టాక్ ఫోటోలు, ఎక్కడెక్కడ ఆటో రెన్యువల్ పెట్టారో గత ఏడాది స్టేట్‌మెంట్ ముందేసుకుని ఒక్కో దాని నుంచి కార్డు తీసేయండి. నాది ఒకటి మిగిలిపోయి, నాది కాని సైట్‌కి నాలుగు నెలలు నేనే బిల్లు కట్టాను.